ఆకు గుర్తు

నగరేశ్వరరావు కొత్త బండిలో గేరు రాడ్డు పక్కన పాత రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దదిగా ఒక గుండ్రటి నాబు ఉంది. ఎడమకి తిప్పితే ఎకో, నడిమిన ఉంచితే నార్మల్, కుడికి తిప్పితే స్పోర్ట్. ఎకోలో ఉన్నంతసేపూ స్పీడు ముల్లు పక్కన పచ్చగా చిన్న ఆకు గుర్తు వెలుగుతుంది. ఆ ఆకు వెలగకపోతే ఆ పూట డ్రైవరు అసిరయ్యకి చీవాట్లే.

నగరేశ్వరరావుది కోటబొమ్మాళిలో చింతపండు, పప్పుల టోకు వ్యాపారం. రైలు స్టేషను అవతల వీధిలో ముందు ఇల్లు, వెనక గోడౌను. రెండేళ్ల కిందట బండి కొనడానికి విశాఖపట్నం వెళ్లినప్పుడు, షోరూములో టై కట్టుకున్న మనిషి అరగంటసేపు చెప్పాడు. ఇది పూర్తి కరెంటు బండి కాదు, డీజిలింజనుకి చేయి సాయంగా చిన్న బ్యాటరీ, చిన్న మోటారు ఉంటాయన్నాడు. ఎకోలో పెడితే బండి ఆగిన చోటల్లా ఇంజను దానంతటదే ఆగిపోతుందనీ, క్లచ్ తొక్కగానే లేస్తుందనీ, ఏసీ కూడా కాస్త నెమ్మదిస్తుందనీ అన్నాడు. స్పోర్ట్‌లో అయితే ఇంజను ఎక్కడా ఆగదు, ఏసీ తగ్గదు, కాలు పెడితే చాలు దూకుతుంది. అన్నీ విని షావుకారు ఒక్క ముక్క పట్టుకున్నాడు: ఎకోలో డీజిలు తక్కువ తాగుతుంది. అక్కడికక్కడే నాబు ఎడమకి తిప్పి, ఇది ఇక్కణ్నుంచి కదలకూడదని అసిరయ్యకి చెప్పాడు.

టై మనిషి చెప్పిందంతా షావుకారుకే చెప్పాడు. రేపటినుంచి బండి నడిపేవాడు ఏసీ గదిలో గోడ పక్కన నిలబడి ఉన్నాడు, వాడి వంక ఒక్కసారి కూడా చూడలేదు. ఏడో తరగతిలో బడి మానేసి లారీ ఎక్కిన మనిషికి ఎవడు చెప్తాడు? కానీ విన్నదంతా గుర్తుపెట్టుకున్నది ఆ గోడ పక్కన వాడొక్కడే. ఆ సంగతి వారం తిరక్కుండానే తేలిపోయింది. నరసన్నపేట జంక్షన్‌లో బండి ఆగింది, దాంతోపాటు ఇంజనూ ఆగింది. ఎవడి కన్నో పడిందని షావుకారు బెంబేలెత్తిపోయి, బండి దిగి, పక్క బడ్డీలో నాలుగు నిమ్మకాయలు కొని టైర్ల కింద పెట్టాడు. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. అసిరయ్య చెప్పబోతే నోరు ముయ్యమన్నాడు. సరే అని నోరు మూసుకుని క్లచ్ తొక్కాడు. ఇంజను లేచింది, నిమ్మకాయలు నలిగాయి. ఆ ఘనత నిమ్మకాయలకే పోయింది.

ఈ కథంతా అసిరయ్య నోట విని ఆ రోజు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది పద్మకుమారి, షావుకారు భార్య. ఆవిడది పొందూరు. పుట్టింటివాళ్లు బట్టల వ్యాపారస్తులు. పెళ్లయి ముప్పై ఏళ్లయినా, మొగుడు పక్కన లేనప్పుడు మాత్రమే నవ్వే అలవాటు. నెలకో ఆదివారం అరసవల్లి గుడికి వెళ్లేది, అసిరయ్యే తీసుకెళ్లేవాడు. ఊరు దాటి హైవే ఎక్కగానే ముందుకి వంగి మెల్లిగా అనేది.

"ఆ ఆకు రాల్సెయ్ అసిరయ్యా."

అసిరయ్య నాబు కుడికి తిప్పేవాడు. బండి ముక్కు పైకెత్తి దూకేది. ఆవిడ అద్దం దించి, గాలికి కొంగు ఎగురుతుంటే పట్టుకోకుండా కూర్చునేది. ఎందుకంత ఇష్టమని అసిరయ్య ఎప్పుడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు స్టేషను దగ్గర రైలు గేటు కనపడగానే, ఇంక ఆకు పెట్టేయమనేది. గేటు దగ్గర ఆగేసరికి ఇంజను ఆగిపోయేది. ఆవిడ కొంగు సర్దుకుని, మొహం సర్దుకుని, ఇంటావిడ అయిపోయేది. ఈ సంగతి వాళ్లిద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

షావుకారు అంటే అసిరయ్యకి కడుపులో మంట. అది డీజిలు గురించీ కాదు, చీవాట్ల గురించీ కాదు. పదకొండేళ్ల కిందటి మంట అది.

అప్పట్లో గోడౌను వెనక గదిలో అసిరయ్యా, భార్య కూర్మమ్మా ఉండేవారు. పప్పులు చెరిగేది, చింతపండు గింజ తీసేది కూర్మమ్మ. ఆ ఏడు వానాకాలంలో జ్వరం తలకెక్కి శ్రీకాకుళం ఆసుపత్రిలో వారం రోజులుంది. ఇంక లాభం లేదు, తీసుకుపొమ్మన్నారు. అద్దె వ్యానులో తెస్తుంటే నరసన్నపేట దాటాక అసిరయ్య చేతుల్లోనే పోయింది. వ్యాను గోడౌను గేటు ముందు ఆగింది. వాన పడుతోంది. షావుకారు గొడుగేసుకుని వచ్చి, ఎలాగుందని అడిగాడు.

"దార్లోనే పోనాది బాబూ," అన్నాడు అసిరయ్య.

షావుకారు అయ్యో అన్నాడు. నిజంగానే అన్నాడు, అబద్ధమనడానికి లేదు. తర్వాత గేటుకి అడ్డంగా నిలబడ్డాడు.

"మరయితే లోపలికొద్దురా. ఊపిరుండగా తెస్తే అదొక దారి. బయట పేణం పోయిన మనిషిని గేటు దాటించకూడదు. నేను పెట్టిన ఆచారమేటి ఇది?"

అతను పెట్టిన ఆచారం కాదు, ఆ ప్రాంతంలో అందరికీ ఉన్నదే. అందుకే ఇంకో మాట మాట్లాడ్డానికి లేకపోయింది. గేటు పక్కన కాలవ మీద పరిచిన బండపలక మీద కూర్మమ్మని పడుకోబెట్టారు. పైన బస్తాల మీద కప్పే టార్పాలిన్ కట్టారు. చుట్టాలొచ్చేదాకా సగం రోజు ఆ పలక మీదే ఉంది. తొమ్మిదేళ్లు ఊడ్చిన వాకిలి ఆవిడకి నాలుగు గజాల దూరంలోనే ఉంది. వానజల్లుకి కాళ్లు తడుస్తుంటే పద్మకుమారి ఇంట్లోంచి వచ్చింది. మొగుడు వద్దంటున్నా వినకుండా తన పొందూరు దుప్పటి తెచ్చి కూర్మమ్మ మీద కప్పి, కాళ్లకింద చుట్టి లోపలికి మడిచింది. చలేస్తున్న మనిషికి మడిచినట్టే మడిచింది.

అసిరయ్య ఆ ఊరొదిలి పోలేదు. పోవడానికి చోటు లేక కొంత, ఆ దుప్పటి వల్ల కొంత. గది మాత్రం ఖాళీ చేసి స్టేషను వెనక అద్దెకుంటున్నాడు. ఆ బండపలక మీదనుంచి రోజూ బండి లోపలికీ బయటికీ తిప్పుతూనే ఉన్నాడు.

2019లో పద్మకుమారికి కడుపులో గడ్డ తేలింది. ఎండాకాలం వచ్చేసరికి విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రిలో చేర్చారు. పదిహేను రోజులకి మనిషి దుప్పటి కింద ఉందో లేదో తెలియనంత అయిపోయింది. మే నెలలో ఒక పొద్దున డాక్టరు షావుకారుని పక్కకి పిలిచి, ఇక్కడ ఉంచి చేసేదేమీ లేదు, ఈ రోజో రేపో అన్నట్టుంది, ఇంటికి తీసుకెళ్తే తీసుకెళ్లండన్నాడు. అంబులెన్సు పిలుస్తామంటే షావుకారు వద్దన్నాడు. అంబులెన్సు వీధిలోకొస్తే పోయిందనే అనుకుంటారన్నాడు. పద్మకుమారి కూడా మన బండే అన్నట్టు అసిరయ్య చేతిలో తాళం వైపు వేలు చూపించింది.

వెనక సీట్లో పడుకోబెట్టారు. గరివిడి నుంచి వచ్చిన కూతురు సింధు తల్లి తలని ఒళ్లో పెట్టుకుంది. మూడు రోజులుగా కన్ను మూయని పిల్ల. షావుకారు ముందు కూర్చున్నాడు. అసిరయ్య తాళం తిప్పేలోగా అతని మోచెయ్యి పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఎవరినీ బతిమాలని మనిషి, గొంతు తగ్గించి బతిమాలాడు.

"ఒరే అసిరయ్యా, ఊపిరుండగా గడప దాటాల. అది వీధిలో ఉండిపోకూడదు. నీ సేతిలో ఉన్నాది."

అలాగే బాబూ అన్నాడు అసిరయ్య. వీధిలో ఉండిపోవడమంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆనందపురం దాటగానే షావుకారు నాబు వంక చూసి, స్పీడుది పెట్టమన్నాడు. బండి కొన్న తర్వాత ఆ నోటంట ఆ మాట రావడం అదే మొదలు. అసిరయ్య కుడికి తిప్పాడు. ఆకు ఆరిపోయింది. బండి దూకింది. తగరపువలస వంతెన మీద అతుకు దగ్గర చిన్న కుదుపు. అదే అరసవల్లి దారిలో అయితే ఆవిడకి ఉయ్యాలలా ఉండే కుదుపు. వెనకనుంచి మూలుగు వినపడింది. ఇంకో మైలుకి లారీని దాటబోయి పక్కకి కోస్తే ఇంకో మూలుగు. సింధు, అమ్మకి నొప్పెడుతోంది అని ఏడుపు గొంతుతో అంది. షావుకారు పళ్లు బిగించి, పోనీ, పోనీ అన్నాడు.

అసిరయ్య అద్దంలో చూశాడు. అద్దంలో ఆవిడ మొహం కనపడదు. గుండెల మీద కప్పిన దుప్పటీ, సీటు అంచుమీద పెట్టిన చెయ్యీ కనపడతాయి. ఆ చెయ్యి లేచి, అరచెయ్యి కిందికి తిప్పి, రెండుసార్లు మెల్లిగా ఆడింది. తర్వాత గొంతు వచ్చింది. గొంతు కాదు, గాలి.

"ఆకు... ఉండనీ."

షావుకారుకి అర్థం కాలేదు. ఆకేమిటి, తులసాకు అడుగుతోందా అని కూతుర్ని అడిగాడు. అసిరయ్య నాబు ఎడమకి తిప్పాడు. పచ్చగా ఆకు వెలిగింది. బండి ఒళ్లు దించుకుని మెత్తగా పాకడం మొదలెట్టింది. స్పీడుగా పోతే ఊపిరి ముందే ఎగిరిపోయేలా ఉంది బాబూ అని ఒక్క మాట మాత్రం చెప్పాడు. అది నిజమో, ఆవిడ అడిగింది కాదనలేకపోయాడో, అతనికే తెలియదు.

నాతవలస టోల్‌గేటు దగ్గర బళ్లు వరసకట్టి ఉన్నాయి. బండి ఆగింది. ఇంజను ఆగింది. ఏసీ చప్పుడు తగ్గిపోయింది. బండిలో ఒక్కటే శబ్దం మిగిలింది. పద్మకుమారి ఊపిరి. లోపలికి పీల్చేటప్పుడు సన్నగా గీత గీసినట్టు, వదిలేటప్పుడు గొంతులో చిన్న గరగర. షావుకారు చెవి వెనక్కి తిప్పి విన్నాడు. విని, కళ్లు మూసుకున్నాడు.

"ఉన్నాది," అన్నాడు.

ముందున్న బళ్లు కదిలాయి. క్లచ్ తొక్కగానే ఇంజను లేచి ఆ శబ్దాన్ని కప్పేసింది. రెండు మైళ్లు పోయాక షావుకారుకి నిలకడ లేకపోయింది. పక్కకి ఆపరా, వినాల అన్నాడు. అసిరయ్య ఆపాడు. ఇంజను ఆగింది. విన్నాడు, ఉన్నాదన్నాడు. పూసపాటిరేగ దగ్గర ఒకసారి, రణస్థలం దగ్గర రోడ్డు తవ్వి మట్టి దారిలోకి మళ్లించిన చోట ఒకసారి, చిలకపాలెం దాటాక ఒకసారి. డీజిలు మిగలడానికి పెట్టిన ఏర్పాటు ఇప్పుడు భార్య ఊపిరి వినడానికి పనికొచ్చింది షావుకారుకి. ఆగినప్పుడల్లా టైము పోతోందని అసిరయ్యకి తెలుసు. చెప్పలేకపోయాడు. పదకొండేళ్లలో మొదటిసారి ఆ మనిషి వంక చూస్తే కోపం రాలేదు. అది కూడా అతనికి నచ్చలేదు.

శ్రీకాకుళం బైపాసు దాటేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. సింధు తల కిటికీ అద్దానికి ఆనించి, నోరు కాస్త తెరిచి, నిద్రలోకి జారిపోయింది. ఇల్లు దగ్గర పడుతోందని షావుకారు ఆపమనడం మాని ఇంటికి ఫోను చేస్తున్నాడు: హాల్లో మంచం తీసేసి కింద చాప వెయ్యమని, తులసి తీర్థం సిద్ధం చెయ్యమని, పంతులుకి కబురు పెట్టమని. మడపాం దగ్గర వంశధార వంతెన మీద బండి మెల్లిగా పోతోంది. నదిలో నీళ్లు లేవు, ఇసకే. అసిరయ్య అద్దంలోకి చూశాడు.

సీటు అంచుమీద ఉన్న చెయ్యి కిందికి జారి, బండి ఊపుకి తగ్గట్టు ఊగుతోంది. చెయ్యి ఊగడమూ, చెయ్యిని ఊపడమూ ఒకటి కాదు. గుండెల మీద దుప్పటి కదలడం లేదు. వంతెన దాటేదాకా చూశాడు. వంతెన దాటాక కూడా చూశాడు. కూర్మమ్మకి కూడా ఇంచుమించు ఈ చుట్టుపక్కలే. అప్పుడు చేతుల్లో బరువు తెలిసింది, ఇప్పుడు అద్దంలో తెలిసింది.

ఇంకా ఇరవై కిలోమీటర్లు పైనే ఉంది. స్పోర్ట్‌లోనే వచ్చుంటే ఈపాటికి ఇంట్లో చాప మీద ఉండేదేమో. ఆవిడ మాట విన్నందుకు ఆవిడే వీధిలో ఉండిపోతుంది. ఆ లెక్క బుర్రలో తిరుగుతూనే ఉంది. దాని వెనకే ఇంకో తలపు వచ్చింది. రాలేదని అబద్ధమాడ్డం ఎందుకు? ఇప్పుడు ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు. స్టేషను గేటు దగ్గర బండి ఆగుతుంది, ఇంజను ఆగుతుంది, షావుకారు చెవి తిప్పి వింటాడు. అంతే. అతని నోటితోనే అతనికి తెలుస్తుంది. తర్వాత ఆ బండపలక ఉంది, టార్పాలిన్ గోడౌనులోనే ఉంది. గొడుగేసుకుని నిలబడ్డవాడు ఈసారి గేటుకి ఏ పక్కన నిలబడతాడో చూడొచ్చు.

తిలారు రోడ్డు దాటేదాకా ఆ తలపుతోనే నడిపాడు. అది తియ్యగానే ఉంది. పదకొండేళ్లు దాచుకున్నది కదా.

ఊళ్లోకి తిరిగి స్టేషను వైపు వచ్చేసరికి రైలు గేటు వేసి ఉంది. ముందు ఒక ఎడ్లబండి, రెండు ఆటోలు. గేటు కనపడగానే, కొంగు సర్దుకుంటూ వెనకనుంచి వినపడే మాట అతనికి గుర్తొచ్చింది: ఇంక ఆకు పెట్టేయ్. ఆ తర్వాత, కూర్మమ్మ పాదాలకింద దుప్పటి మడుస్తున్న ఆ చేతులు గుర్తొచ్చాయి. ఆ మడిచిన చెయ్యే వెనక సీట్లో కిందికి వేలాడుతోంది.

బండి ఇంకా ఆగలేదు. అసిరయ్య ఎడమ చెయ్యి గేరు మీదనుంచి పక్కకి జరిగి నాబు పట్టుకుంది. కుడికి తిప్పాడు.

ఆకు ఆరిపోయింది. బండి ఆగింది. ఇంజను ఆగలేదు. ఏసీ బుస్సుమని పెద్దదైంది. ఆ గాలికి పద్మకుమారి గుండెల మీద దుప్పటి అంచు లేచి పడుతోంది, లేచి పడుతోంది.

అలవాటుగా చెవి వెనక్కి తిప్పిన షావుకారు ఇంజను చప్పుడు విని మొహం చిట్లించాడు. కళ్లు నేరుగా స్పీడు ముల్లు పక్కకి పోయాయి. రెండేళ్లుగా ఆ చోటే చూస్తున్న కళ్లు అవి.

"ఆకేదిరా?"

"తొందరగా ఎల్లాలి కదా బాబూ," అన్నాడు అసిరయ్య, అద్దంలోకి చూడకుండా.

షావుకారు ఎదురుగా వేసి ఉన్న గేటు వంక చూశాడు. మూసిన గేటు ముందు తొందరేమిటో ఏడో తరగతి చదివినవాడికైనా తెలుస్తుంది. గూడ్సు బండి రావడం మొదలైంది. పెట్టె వెనక పెట్టె. షావుకారు చెయ్యి మెల్లిగా వచ్చి నాబు మీద ఆనింది. ఉంగరాలున్న ఆ వేళ్లు దాన్ని పట్టుకున్నాయి. ఎడమకి ఒక్క తిప్పు తిప్పితే ఇంజను ఆగుతుంది, వినొచ్చు. అసిరయ్య స్టీరింగు పట్టుకుని గూడ్సు పెట్టెలు చూస్తున్నాడు. అడిగితే ఏం చెప్పాలో అతను అనుకోలేదు. షావుకారు అడగనూ లేదు.

గూడ్సు పొడుగునా ఆ చెయ్యి నాబు మీదే ఉంది. గార్డు పెట్టె పోయాక, షావుకారు చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. వెనక్కి మాత్రం తిరిగి చూడలేదు.

వీధి మలుపు తిరిగేసరికి ఇంటిముందు జనం. అసిరయ్య బండపలక మీదనుంచి బండి లోపలికి పోనిచ్చాడు. వాకిట్లో ఆపి, ఇంజను ఆపలేదు. షావుకారు తలుపు తోసుకుని దిగి, ఎప్పుడూ లేనంత పెద్ద గొంతుతో అరిచాడు.

"ఉన్నాది, ఊపిరున్నాది. ఎవరూ మీద పడకండి. లోపలికి తెండి, లోపలికి."

సింధు ఉలిక్కిపడి లేచింది. ఏమయిందో తెలుసుకునేలోపే నలుగురు చేతులమీద ఎత్తేశారు. షావుకారు తలవైపు తనే పట్టుకున్నాడు, మొహం మీద మొహం వంచి, ఇంకెవరూ దగ్గరగా చూడకుండా. గడప దాటింది. హాల్లో చాప మీద పెట్టారు. పంతులు ఉద్ధరిణితో తీర్థం పెదాల మీద పోశాడు. అది పక్కకి జారిపోయింది. అప్పుడు లేచింది ఏడుపు. ఇంటికొచ్చి, తన చాప మీద, తీర్థం పుచ్చుకుని మరీ పోయింది, పుణ్యాత్మురాలని గడప దగ్గర ఎవరో అన్నారు. ఇంజను ఇంకా ఆడుతూనే ఉన్న బండిలో కూర్చుని అసిరయ్య ఆ మాట విన్నాడు. దిగి, బండపలక దగ్గరికెళ్లి కాసేపు నిలబడ్డాడు. పనేమీ లేదు అక్కడ. టైర్లకంటుకొచ్చిన మట్టి పలక మీద రెండు చారలుగా పడి ఉంది. కాలితో తుడిచాడు.

పన్నెండు రోజులు బండి షెడ్డులోనే ఉంది. దినకార్యాలయ్యాక సింధుని గరివిడిలో దింపడానికి తీశారు. అద్దం మీద దుమ్ము తుడిచి తాళం పెట్టేసరికి నాబు ఆ రోజు తిప్పినచోటే, కుడివైపే ఉంది. ఏది పెట్టమంటారని అసిరయ్య అడిగాడు. నీ ఇష్టమన్నాడు షావుకారు. గుండు మీద అప్పుడే తెల్లగా మొలకలొస్తున్నాయి. పన్నెండు రోజుల్లో మనిషి పదేళ్లు ముసలైపోయాడు. అసిరయ్య ఎడమకి తిప్పాడు.

సింధుని దింపి ఇద్దరూ తిరుగు దారి పట్టారు. సాయంత్రానికి స్టేషను దగ్గరికొచ్చారు. గేటు వేసి ఉంది. బండి ఆగింది. ఇంజను ఆగింది. ఏసీ సద్దుమణిగింది. అలవాటు చావని షావుకారు తల కొంచెం వెనక్కి తిరిగింది. వెనక సీటు ఖాళీ. వినడానికి ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్నే చాలాసేపు విన్నాడు.

"మడపాం దగ్గరేనా?" అన్నాడు.

"వంతెన మీద బాబూ."

షావుకారు తల ఊపాడు. పట్టాలవతల తన వీధి కనపడుతోంది, తన గేటు కనపడుతోంది. ఆ గేటు వంకే చూస్తూ అడిగాడు.

"మరి ఆ రోజు కూర్మమ్మకి ఊపిరుందని నాతో ఎందుకు సెప్పలేదురా? సెప్పుంటే నేనేటి, సెవి పెట్టి ఇనేవోణ్నా?"

అసిరయ్యకి పదకొండేళ్లుగా ఆ మనిషిని అనాలనుకున్నవి చాలా ఉన్నాయి. ఒక్కోటీ రాత్రుళ్లు నూరి పెట్టుకున్నవి. తీరా అడిగేసరికి నోట్లోకి వచ్చింది అందులో లేని మాట.

"నిజం సెప్తే రానిస్తారనుకున్నాను బాబూ."

పాసింజరు బండి పోయింది. గేటు లేచింది. ముందున్న ఆటోలు కదిలాయి. వెనకనుంచి ఎవడో హారన్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. స్పీడు ముల్లు పక్కన పచ్చగా ఆకు వెలుగుతోంది. క్లచ్ మీద పెట్టిన కాలు తొక్కడానికి అసిరయ్యకి చాలాసేపు పట్టింది. షావుకారు తొందరపెట్టలేదు.